డాక్టరమ్మ అభిప్రాయం

రోగులు వెళ్లిపోయాక, ఆసుపత్రిలో కొత్త కంప్యూటర్ ఎలా పనిచేస్తోందో కనుక్కోవడానికి వచ్చిన పై ఆఫీసు ఉద్యోగి డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

“తృప్తిగా ఉందా మేడమ్?”

“ఉందండీ. మొదట్లో మాత్రం ప్రాణం తోడేసేది. ఏ మందు రాసినా, జాగ్రత్తంటూ తెర మీద ఒక పెట్టె అడ్డం పడేది.”

“ఇప్పుడు పడట్లేదా?”

“పడుతుంది. నేనే చదవడం మానేశాను. చెయ్యి దానంతటదే ‘సరే’ నొక్కేస్తుంది.”

“ఎప్పుడూ మీ దగ్గరికే వచ్చే ఆ టీచరుగారికి నిన్న ఇంజెక్షన్ రాసినప్పుడు కూడానా?”

“అప్పుడూ అంతే. కంప్యూటర్ రాకముందు ఆవిడకి పడని మందులన్నీ నాకు నోటికొచ్చేవి.”

“ఎలా ఉన్నారావిడ?”

“ఇంకా కళ్లు తెరవలేదట.”

ఉద్యోగి కలం మూత తీసి, కాగితం ముందుకు లాక్కున్నాడు.

“ప్రాణం మీదికొచ్చేవాటిని ఎర్రరంగులో చూపించమని కంపెనీవాళ్లకి రాయనా మేడమ్?”

“నిన్నటిదీ ఎర్రగానే వచ్చిందండీ.”