సోమవారం కూడా కదలాల్సిన కారు

కంపార్ ఊరివాళ్లకీ, ఈపో నుంచీ పినాంగ్ నుంచీ సొంత కార్లు నడుపుకుంటూ వచ్చిన పోటీదారులకీ, ముందు వరుసలో కూర్చున్న టైర్ల కంపెనీ పెద్దలకీ నమస్కారం. మన ఫూ స్యూ లింగ్, ఊరందరికీ ఫూ అక్క, మనల్ని వదిలి వెళ్లిపోయింది. ఆమె నడిపిన కార్ల పోటీల్లో ఇన్నేళ్లూ ఎర్ర కోన్లు సర్దినవాణ్ణి నేను. క్లుప్తంగా మాట్లాడటం నాకు చేతకాదని అక్కే తిట్టేది. ఇవాళ తిట్టే మనిషి లేదు. భరించండి.

ఈ పోటీ ఎలా పుట్టింది? ఎవడో మహానుభావుడు కలగన్నాడా? కాదు మిత్రులారా, తగాదాలోంచి పుట్టింది. అక్క డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్న ఇద్దరు, టాక్సీ మణియం, టపా బండి హలీం, మంచి డ్రైవర్ ఎవరని అరుచుకుంటున్నారు. అక్క విసుగెత్తి, "నోళ్లకి బ్రేకులెయ్యండ్రా. మైదానం ఖాళీగానే ఉంది, కార్లెక్కండి" అంది. కోన్ల మధ్య వంకర పరుగు, ఎత్తు మీద ఆగి వెనక్కి జారకుండా కదలడం, రివర్సులో సందు దాటడం, వేగంగా వచ్చి గీతల మధ్య ఆగడం. లైసెన్సు పరీక్షనే పోటీ చేసేసింది. పరుగులో మణియం, రివర్సులో హలీం గెలిచారు. తగాదా తీరలేదు. అందుకే మళ్లీ ఆదివారం పెట్టాల్సి వచ్చింది. చూడ్డానికొచ్చినవాళ్లు కార్లు తెచ్చుకున్నారు. కూరగాయల వ్యాన్లు వచ్చాయి, టీచరమ్మలు వచ్చారు, పక్క ఊళ్లు వచ్చాయి. ఇప్పుడు వరస కట్టిన కార్లు మార్కెట్టు దాకా నిలబడుతున్నాయి.

రివర్సు అంటే గుర్తొచ్చింది, నా పాత కారుకి ఆ గేరే పడేది కాదు. ఎక్కడ ఆపాలన్నా ముందు బయటికెళ్లే దారి చూసుకునేవాణ్ణి. పెళ్లిచూపులకి కూడా అలాగే వెళ్లాను. సరే, అది వేరే కథ.

సోమవారం సంగతి చెప్పాలి. ఒక ఏడాది ఈపో కుర్రాడొకడు లారీ మీద కారు తెచ్చాడు. "లారీయే బాగుంది బాబూ, దాన్నే పరుగెత్తించు" అంది అక్క. దించి, నడిపి, అన్నిట్లో మొదటొచ్చాడు. ఇంజన్ పొగ కక్కింది. మళ్లీ లారీ ఎక్కించాడు. ఆ రాత్రే అక్క నియమం రాసింది: సోమవారం పొద్దున అదే కారులో పనికి వెళ్తేనే గెలుపు. అప్పటినుంచీ ఫలితాలు సోమవారం కాఫీ కొట్టు దగ్గరే చెప్పేవాళ్లం. మొదటి సోమవారం కప్పు ఎవరికొచ్చింది? ఆసుపత్రి నర్సు రోహయాకి. వెనక సీట్లో పిల్లాడు, ఒళ్లో టిఫిన్ డబ్బా. "ఆదివారం అందరూ మొనగాళ్లే. సోమవారం ఎవరు కదులుతారో వాళ్లకే కప్పు" అంది అక్క.

అక్క మంచం పట్టాక ఈ టైర్ల కంపెనీవారు ఆమె దగ్గరికి వచ్చారు. కంచె, దీపాలు, అంబులెన్సు ఇస్తామన్నారు. అంబులెన్సు మంచిదే, కాదనను. కానీ రివర్సు తీసేయాలట, టీవీలో బాగుండదట. సోమవారం నియమం అక్కర్లేదట. లారీ కార్లకి వేరే తరగతి అట. అక్క విని, వాళ్లలో కారు నడుపుకొచ్చినాయనతో, "నాయనా, వాకిట్లో మీ కారు రివర్సులో పెట్టి చూపించు" అంది. ఆయన పెట్టారు. అక్క గులాబీ కుండీ ఇప్పటికీ పగిలే ఉంది. "వద్దు, వెళ్లండి" అంది. అంతే, ఇంకో మాట లేదు.

ఆమె పోయిన వారానికే వాళ్లు అవే షరతులు కాగితం మీద రాసి మన పోటీ కమిటీకి పంపారు. మనవాళ్లలో కొందరు, "పెద్దది అవుతుంది కదా మామా" అంటున్నారు. నిజమే, అవుతుంది. మణియం టాక్సీకి అందులో చోటుంటుందా? రోహయా కారుకి? మన కార్లు కంచె బయట నిలబడితే, లోపల పెరిగేది ఎవరి పోటీ? వచ్చే ఆదివారం సంతాపంగా పోటీ ఆపుదామని కూడా అన్నారు. ఆపం. ఒక్క ఆదివారం ఆగితే కంచె వేసేస్తారు, మైదానం తాళం వాళ్ల చేతికి పోతుంది.

ఇప్పుడు మౌనం పాటిద్దాం. లేచి నిలబడమని అడుగుతున్నాను. అక్కకి నివాళిగా లేవండి. పోటీని అప్పగించం అనడానికి కూడా లేవండి. రెండూ కలిపి అడగడం అన్యాయమే, నాకు తెలుసు. అప్పగిద్దాం అనుకునేవాళ్లు కూర్చునే ఉండండి, ఎవరూ ఏమీ అనరు. నేను కళ్లు మూసుకోను, చూస్తాను.

లేవండి.