కుదిపిన సీసా

ఎనభై ఆరులో గోదావరి వరదొచ్చి వెళ్లిన పదో ఏడు. బహ్రెయిన్‌లోని మనామాలో ఒక స్టీక్‌హౌస్ హోటల్ వంటింట్లో భీమరాజు పళ్లాలు తోముతుంటే, అక్కడే వడ్డన చేసే బావ అప్పాజీ నిండు గ్లాసులతో వెనక్కి వచ్చాడు.

“మూల బల్ల దగ్గర కూర్చున్న నలుగురు స్నేహితులూ ఒక్క గుక్క తాగి ఉమ్మేశార్రా. నోటినిండా మడ్డేనంట.”

“ఏం సీసా బావా?”

“ఇందాక నీచేత తెప్పించిందే. ఇరవయ్యేళ్ల నాటి బోర్డో వైనంట. దాని రుచి చూడ్డానికే కూడారంట. కదపకుండా వంచాలంట.”

“అడుగున మడ్డుంది, టానిక్కులా బాగా కుదిపి పట్రమ్మన్నది నువ్వే కదా!”

“నాకు మాత్రం ఏం తెలుసురా?”

“మేనేజరుకి ఆ మాటే చెప్పావా?”

“నువ్వు కుదిపావని చెప్పాను.”

“నువ్వు కుదపమన్నావని?”

“పిల్లలున్నోణ్ణి కదరా.”

“ఆ పిల్లలకి నేను మేనమామని బావా.”

“మేనేజరు నీ పని ఖలాస్ అనేశాడు. ఎల్లుండి నిన్ను ఇంటికి పంపేస్తాడంట.”

“అక్కకేం చెప్పమంటావు?”

“నేను బాగున్నానని చెప్పు. ఒరేయ్, రేపటికి నా తెల్లచొక్కా ఉతికిపెట్టు. నీ అంత తెల్లగా ఎవడూ ఉతకడు.”

బహ్రెయిన్ వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే ఇద్దరి చొక్కాలూ భీమరాజే ఉతికేవాడు. మర్నాడు పొద్దున్న పనివాళ్ల క్యాంపు కుళాయి దగ్గర తన చొక్కా ఒక్కటే ఉతుక్కున్నాడు.