ప్రూఫు బల్ల దగ్గర వట్రసుడి గారు

పంతొమ్మిది వందల తొంభై మూడు జూన్ పద్నాలుగో తేదీన మన ముద్రణాలయంలో ప్రూఫ్‌రీడరుగా చేరి, ముప్పై ఒక్క సంవత్సరాలు అక్షరదోషాలతో అలుపెరగక పోరాడి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న పెద్దలను మనమంతా ‘వట్రసుడి గారు’ అనే పిలుస్తాం. వట్రసుడి ఎగరగొట్టి ‘కృషి’ని ‘క్రుషి’ అని కూర్చినవారిని ఆయన కోప్పడేవారు కారట. ఆ అక్షరం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, దీని కాలు విరిచింది ఎవరండీ అని మాత్రం అడిగేవారట.

చేరిన మూడో ఏట వారికి జబ్బు బయటపడింది. మనుషులు లేనిచోట గొంతులు వినిపించేవి. అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారన్న అనుమానం నిద్రపోనిచ్చేది కాదు. పది నెలలు సెలవులో ఉండి, వైద్యంతో కోలుకుని, తిరిగి అదే కుర్చీలో కూర్చున్నారు. సెలవు చీటీలో ‘అనారోగ్యం’ అని ఉంది. ఆ జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. ఈ వ్యాసంలో దాన్ని దాచకుండా రాయమని, వర్ణక్రమం చూసుకుని మరీ రాయమని వారే చెప్పారు. పక్కనే ఉన్న వారి సతీమణి, “ఇరవై ఎనిమిదేళ్లుగా చుట్టాలకి బీపీ అని చెప్తున్నానమ్మా. ఎవరింటికెళ్లినా ఉప్పులేని కూర పెడుతున్నారు. రాసెయ్” అన్నారు.

ఆరేళ్ల క్రితం నేను వారి ఎదుటి కుర్చీలో చేరాను. మూలప్రతిని పైకి చదవడం నా పని, దానితో ప్రూఫును సరిచూడడం వారి పని. రెండేళ్ల క్రితం, మందుల వల్ల మధ్యాహ్నం కునుకు పడుతోందని, పని చెడుతోందని, ఎవరికీ చెప్పకుండా వాటిని మానేశారు. నెల తిరిగేసరికి భూగోళ పాఠంలో నదుల పేజీ అంచున, చేర్పు గుర్తు పెట్టి మరీ, ‘వాళ్లు అంతా వింటున్నారు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. ఆ మాట నేను చదవలేదన్నాను.

“నువ్వే చదివావు తల్లీ. నీ గొంతే” అన్నారు.

ఆయన అబద్ధమాడలేదు. ఆయనకది నిజంగానే వినిపించింది.

మేనేజరు గారు తప్పనిసరై వారిని పుస్తకాల గోదాముకు మార్చే కాగితం తయారు చేశారు. చికిత్స మళ్లీ మొదలయ్యాక వట్రసుడి గారు వచ్చి నిలబడి అన్నారు: “కట్టల మధ్య కూర్చోమంటే కూర్చుంటాను సార్. కానీ అక్కడ నాతో మాట్లాడే మనిషి ఉండడు. అప్పుడిక ఆ గొంతులే మిగుల్తాయి.”

మేనేజరు గారు ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి, పాత కుర్చీలోనే మూడు నెలల గడువిచ్చారు.

వైద్యులు మందు మార్చారు. గొంతులు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. అందుకు ఆయనే ఒక పద్ధతి కనిపెట్టారు. వాక్యం ముగిసినప్పుడల్లా నేను స్కేలుతో బల్ల మీద ఒక్కసారి కొట్టాలి. చప్పుడు లేని వాక్యం కాగితం మీద లేనట్టే. తన మాటలకీ స్కేలు కొట్టించుకుంటారా అని అచ్చు మెషిన్ మేస్త్రి గారు ఆటపట్టిస్తే, “అక్కర్లేదు మేస్త్రీ, తప్పుల్ని బట్టే మీవని తెలుస్తుంది” అన్నారు. ఆ గడువులో ఏడు పాఠ్యపుస్తకాలు మా బల్ల దాటాయి. సందేహం వచ్చిన ప్రతిచోటా ఆయన కలం ఆపి నన్ను అడిగారు, అడగడానికి సిగ్గుపడలేదు. గడువు తీరిన రోజు మేనేజరు గారు బదిలీ కాగితాన్ని మా ఎదుటే చించి, ఎనిమిదో పుస్తకం ప్రూఫులు చేతికిచ్చారు.

ఈ వ్యాసం ప్రూఫూ వారే చూశారు. ‘వ్యాధిని జయించిన ధీశాలి’ అని నేను రాసినదాన్ని కొట్టేసి, ‘జయించలేదు. దాన్ని వెంటబెట్టుకునే ఆఫీసుకు వచ్చాను’ అని అంచున రాశారు. ఆ దిద్దుబాటును శిరసావహిస్తున్నాను.

వచ్చే నెల నుంచి ఆ బల్ల వారిది కాదు. అందుకని మేనేజరు గారు, మేస్త్రి గారు, నేను వారానికొకరం వారింటికి వెళ్లేలా వంతులు వేసుకున్నాం. వేళకు మందు, కంటినిండా నిద్ర, ఆరోగ్యంతో కూడిన దీర్ఘాయువు వారికి దక్కాలని, వారి చెవిన పడే ప్రతి మాటకూ ఎదురుగా ఒక మనిషి ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.