వెంకట్ ఈడ్చిన ఏడుగురు

కబడ్డీ కోచ్ నగేశ్ నోరు తెరిస్తే టేకుమట్లలో కట్టయ్య హోటల్‌కు వచ్చినవాళ్లు చాయ్ తాగడం మరిచిపోతారు. ఆ పొద్దున మాత్రం ఆయన కోతలకు ఒక పని పడింది. లీగ్ ఆడే అమ్మాయిల జట్టుకు ఆయన కోచ్. తండా పిల్ల మౌనిక ఆటను బడి మైదానంలో చూసి, ఆమెను జట్టులోకి తీసుకుపోవాలని వచ్చాడు. పిల్ల ఎప్పుడో సరేనంది. కాగితం మీద తల్లి సుక్కి సంతకం కావాలి, అదీ ఇవ్వాళే. సుక్కి బెంచీ చివర కూర్చుంది. కాగితం ఒళ్లోనే ఉంది గానీ కలం ముట్టలేదు.

"గంత సోచాయించుడు ఎందుకక్కా?" అన్నాడు నగేశ్. "నా చేతుల పడ్డోళ్లు ఎట్ల తయారైతరో జర ఇను. మన భూపాలపల్లి టీము, మానుకోటల ఫైనల్. ఎదురుంగ జనగామోళ్లు. ఒక్క పాయింటు తక్కువున్నం, ఒక్క కూతే మిగిలింది. వెంకట్‌ను పంపిన. పోయిండు, ఇద్దర్ని ముట్టిండు, వచ్చిండు. గంతే."

"గంతేనా?" అన్నాడు రఘునాథ్ నిరాశగా. పొలానికి పోవలసిన మనిషి, ఈ కథ కోసమే ఆగాడు.

నగేశ్‌కు ఆ ఒక్క మాట చాలు.

"అగో, వచ్చిండంటే ఊకెనే వచ్చిండా? ఏడుగురికి ఏడుగురు పట్టిండ్రు! ఇద్దరు కాళ్లకు, ఇద్దరు నడుముకు, ఒకడు మెడకు. మిగిలిన ఇద్దరికి జాగ దొరక్క ముందుగాల పట్టినోళ్లనే పట్టుకుండ్రు. మావోడు కూత ఆపలే. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అనుకుంట, ఏడుగుర్ని ఈడ్చుకుంట గీత దిక్కు వస్తుండు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"గీత ముట్టిండు," అన్నాడు కట్టయ్య పాలు కలుపుతూ.

"ముట్టనిస్తరా! బయట కూసున్న వాళ్ల ఆటగాళ్లు ఉరికొచ్చి పట్టిండ్రు. వాళ్ల కోచ్ పట్టిండు. వాళ్ల లింగాల ఘనపూర్ నుంచి ట్రాక్టర్‌ల ఆట సూడొచ్చినోళ్లు అందరు దిగి పట్టిండ్రు!"

"కూతకు ముప్పై సెకండ్లే గదనే?" రఘునాథ్ అడ్డుపడ్డాడు.

"రిఫరీ గడియారం జూస్తేనా? ఆయన గుడ వెంకట్ చెయ్యి పట్టుకొని ఏలాడుతుండె!"

రఘునాథ్ పగలబడి నవ్వాడు, చాయ్ ఒలికి చొక్కా మీద పడింది. నగేశ్ ఓరకంట సుక్కిని చూశాడు. ఆమె నవ్వలేదు. నవ్వని మనిషి ఎదురుగా ఉంటే ఆయనకు మహా పరేషాన్, కథను ఇంకో మెట్టు ఎక్కించేదాకా ఊరుకోలేడు.

"ఆఖరికి ట్రాక్టర్‌కు మోకు గట్టి, ఆ మోకు మావోని నడుముకు గట్టి, రివర్సుల గుంజిండ్రు. ఇంజన్ కక్కిన పొగ జూసి చెల్పూర్ కరెంటు ప్లాంటోళ్లు, మన పొగగొట్టం మానుకోటకు ఎప్పుడు వోయిందని బయటికొచ్చి గొట్టాలు లెక్కవెట్టుకుండ్రట! మావోడు ట్రాక్టర్‌తోని సహా గీత దాటిండు. నాలుగొందల పన్నెండు పాయింట్లు! అదీ ఎట్ల? ఒక్క కాలు మీదక్కా, ఒక్క కాలు మీద!"

"ఇంకో కాలుకు ఏమైంది సార్?"

సుక్కి నోరు విప్పడం అదే మొదలు. ఒక్క కాలు అన్న ముక్క ఈ కథలో నగేశ్ ఎప్పుడూ చెప్పడు. ఇవ్వాళ ఎట్లా జారిందో ఆయనకే తెలియలేదు.

"వెంకట్ మా అక్క కొడుకు," అంది ఆమె నెమ్మదిగా. "మానుకోటకు నేను గుడ వచ్చిన. పొద్దుగాల్నే ఆని మోకాలు వాచింది. ఆడలేనన్నడు. మీరు తడి తువ్వాల గట్టిగ గట్టి, భయంతోని అంటున్నవ్, పో అన్నరు. ఏడుగురు పట్టిన మాట నిజమే. ఆళ్ల కింద పడ్డోడు మల్ల లేవలే. మంచంల కూసోనే మా మౌనికకు ఆట నేర్పిండు."

కట్టయ్య పొయ్యి మంట తగ్గించాడు.

నగేశ్ దగ్గర సాకులకు కొదవ లేదు. ఎనిమిదేళ్లుగా ఏ ఊళ్లో కూర్చున్నా ఈ కథే చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ వెంకట్‌ను గీత దాటించాడు. దాటించిన రోజు కాస్త అన్నం సయించేది. ఇప్పుడు ఈ తల్లి ముందు ఆయనకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"తువ్వాల గట్టేటప్పుడు ఆ మోకాలు నా చేతుల కింద కాలుతుండె," అన్నాడు. "భయం కాదని నాకెర్కే. గెలవాలని పంపిన. ఓడిపోయినం గుడ. తప్పు నాదేనక్కా."

పిల్లను ఈ మనిషి చేతిలో పెట్టవచ్చునో లేదో తేల్చుకోవడానికే సుక్కి పొద్దుటి నుంచి కూర్చుంది. కాగితం మడిచి కొంగున ముడి వేసుకుని లేచింది.

"గీ మాట నాకెందుకు సార్? నడువుండ్రి, వెంకట్‌కు చెప్పుండ్రి. ఆడు పెట్టుమంటే సంతకం పెడ్త."