నల్ల ప్యాంటుకి ఎర్ర దారం

తెరకి ఇవతల మిషను ముందు టైలరు, మూలన ఇస్త్రీ చేస్తూ ఆయన భార్య. తెరకి అవతల బల్ల మీద బట్టలకోసం వచ్చినవాళ్లు.

"దారం పోవట్లేదే."

"బేరం పోయిందా! ఎవరిమీద కసురుకున్నారు?"

"చెవులు కుట్టమంటే నీకెవరో మూసి కుట్టేశారు. దారమే, సూదిలోకి."

"అదేంటండీ, నల్ల ప్యాంటుకి ఎర్ర కుట్లు?"

"ఫ్యాషన్."

"పొద్దున జాకెట్టుకి నేనెక్కించిన ఎర్ర దారం తెగేదాకా లాగించేశారన్నమాట. నల్లది ఎక్కించలేక."

"నెమ్మదిగా అనవే. ఇంతమందికి సూదిలోకి దారం ఎక్కించడం నేర్పిన వాణ్ణి. కళ్లజోడు పెడితే తలెత్తుకోగలనా?"

"ఆ ఎర్ర కుట్లతో ఎత్తుకుంటారా? ఇదిగో, సూది వెనకాల ఈ తెల్ల కాగితం పెట్టండి. దారం కొస ఏటవాలుగా కత్తిరించండి. బెజ్జం కనబడిందా?"

"...దూరింది."

"బేరం పోయిందని నేనరిచింది విన్నట్టున్నాడు, తన బేరమే అనుకుని తెర అవతల ప్యాంటాయన గుడ్డ వెనక్కిచ్చేయమంటున్నాడు. నేను చెప్పనా, దారం తెగిందని?"

"వద్దు, తెర తియ్యి. అయ్యా, మా ఆవిడ పొరపాటుగా విన్నది. పోయింది బేరం కాదండీ, నా చూపు. మీ ప్యాంటు ఎర్ర దారంతో కుట్టేశాను. విప్పి నల్లదారంతో కుడతాను, కాసేపు కూర్చోండి."