కుడి రెక్క

పెద్దలారా, అమ్మలారా, పొద్దటి నుంచి ముసురు వదల్లేదు. ఊళ్లలో నాట్లు సాగుతున్నాయి. అయినా పని ఆపుకొని ఇంతమంది కాలేజీకి వచ్చారు. పాండురంగం సారు పోయి ఇవాళ్టికి నెల. నేను యాకయ్యను. ఆయన జువాలజీ ల్యాబులో పద్నాలుగేళ్లు అటెండరుగా చేశాను. ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను.

సారు గుడ్డుకు కిటికీ కోసేవారు. అవును, కిటికీయే. లోపల రెండు రోజుల పిండం ఉండేది. నల్లకోడి పిండం వీపు నుంచి ఆవగింజలో సగమంత ముక్క తీసి, తెల్లకోడి పిండంలో రెక్క మొలిచే చోట పెట్టి, మైనంతో మూసేవారు. ఆ ముక్కలో ఈకలకు రంగునిచ్చే కణాలుంటాయి; అవి పెట్టిన చోట ఉండవు. నడుస్తాయి. వాటికి నీలం రంగద్ది నన్నూ చూడమన్నారు. చూసినంతసేపు ఒక్కటీ కదల్లేదు. చాయ్ తాగి వచ్చి చూస్తే ముందుకు జరిగి ఉన్నాయి. మళ్లీ చూశాను. మళ్లీ కదల్లేదు.

సారు నవ్వారు. "యాకయ్యా, వీటికి కండ్లు లేవు. తోవ జెప్పెటోళ్లు లేరు. ఎటు పోవాల్నో ఎట్ల ఎరుక?"

ఎట్ల ఎరుక? పదేళ్లు అదే అడిగారు. కానీ కిటికీ కోసిన ఏ గుడ్డూ పిల్ల కాలేదు. ఒక్కటి బతికి బయటికొస్తే చాలనేవారు.

నాలుగేళ్ల కింద, ఎనభై మూడులో, గాలివానకు మూడు రోజులు కరెంటు పోయింది. సారు అంతకు వారం ముందే జ్వరంతో దవాఖానలో చేరారు; నెల దాకా తిరిగిరాలేదు. గుడ్లు పొదిగే కరెంటు పెట్టె చల్లారిపోతోంది. అందులోని తొమ్మిది గుడ్లు ఊకలో పెట్టుకొని పోయి, మా ఇంట్లో పొదుగు మీదున్న కోడి కింద పెట్టాను. ఎనిమిది మురిగాయి. ఒకటి పిల్లయింది. ఒళ్లంతా తెలుపు. కుడి రెక్క ఒక్కటే కాకి నలుపు.

మా ఇంటామె మొగిలమ్మకు అప్పుడు ఏడో నెల. "ఎవని రెక్క తెచ్చి దీనికి పెట్టిండయ్యా మీ సారు? కడుపుతోటున్నదాని ముంగటికి తెస్తవా? తీస్కపో!" అంది. నాకూ భయమేసింది. ఆ రోజే నెక్కొండలో మా మల్లక్కకు ఇచ్చి వచ్చాను. సారు తిరిగొచ్చి అడిగితే, "అన్నీ మురిగినయి సార్" అన్నాను. ఆయన పెట్టె స్విచ్చి ఆపేశారు. మళ్లీ వేయలేదు.

మాకు బిడ్డ పుట్టింది. ముందు చేతులు చూశాను. రెండూ ఒకే రంగు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పోయే ముందు రోజు సారు మళ్లీ అడిగారు. "ఒక్కటన్న పిల్లైందా? తిట్టను, చెప్పు." నీళ్లు తాగించి వచ్చేశాను.

ఆ కోడి మూడుసార్లు పిల్లల్ని చేసింది. అన్నీ తెల్లవే. ఆ నలుపు దానిది కాదు, ఆ నల్ల పిండానిది. ఆ పిండం అసలు పుట్టనే లేదు.

సరస్వతమ్మా, మీ ఆయన చూడాల్సినది మీ కుర్చీ పక్కన గంపలో ఉంది. కుడి రెక్క విప్పి చూడండి.

ఇక అందరం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు. గంపలో అది మెదిలినా ఎవరూ మాట్లాడకండి.

(సభ నాలుగున్నరకు ముగిసింది. సరస్వతమ్మ గంప తీసుకొని ఐదింటికి వెళ్లారు. యాకయ్య ఆరింటి బస్సుకు వెళ్లాడు.)