బురుజు కడగని నాగవ్వ

ఎల్లారెడ్డి దిక్కు ఒక పల్లె. బురుజు ముందట ఇద్దరు: పంచాయతీల ఊడ్చే నాగవ్వ, కామారెడ్డి నుంచి వచ్చిన ఆఫీసరు అనిల.

"ఛీ ఛీ! ముక్కు పగిలిపోతున్నది. ఇది బురుజా, మూత్రశాలనా? నాగవ్వా, రేపు పదింటికి పెద్దోళ్లు వస్తున్నరు. ఇయ్యాలనే లోపలంత కడగాలె."

"నేను కడగ, మేడం."

"కడగవా? ఊరంత ఊడుస్తవు కదా!"

"ఊరు ఊడుస్త. గిది ఊడ్వ."

"అట్లంటే ఎట్ల? నాలుగు వందల ఏండ్ల బురుజు. దోపిడి దొంగలొస్తే ఊరోళ్లు పిల్లాపాపలతోని ఈ బురుజులనే దాక్కున్నరట. పైనుంచి తుపాకులు పేల్చిండ్రట."

"నిజమే. మా తాత చెప్పేటోడు. తర్వాతది ఎవలన్న చెప్పిండ్రా?"

"తర్వాత ఎరువుల గోదాం చేసిండ్రు. ఇప్పుడేమో తాగుబోతులు..."

"నడుమ?"

"నడుమ ఏమున్నది?"

"నడుమ దొర తాళమేసిండు. వెట్టికి రానోళ్లను గీ బురుజుల ఏసేటోడు. థూ!"

"ఉమ్మకవ్వా! అది... అది కాయితాలల్ల లేదు."

"కాయితం రాసెటోడు దొర మనిషి. ఏడికెల్లి ఉంటది?"

"చూడు, బాగుచేయిస్తున్నది ఆ దొర మనుమడే. బోర్డు గూడ తయారైంది. 'ప్రజలను కాపాడిన వంశం' అని..."

"ఏమని? మల్ల సదువు."

"'ప్రజలను కాపాడిన...'"

"ఆపు బిడ్డా. నేను ఈడ నిలవడ."

"కంపుకా?"

"బోర్డుకు. నాట్లప్పుడు మా బాపును గిండ్లనే ఏసిండు. ముందుగాల మా మడి నాటుకోని వస్తనన్నడు, గంతే తప్పు. మూడు పొద్దులు ఉంచిండు. నీళ్లియ్యలే. నాకప్పుడు ఆరేండ్లు. బట్ట తడిపి తలుపు సందుల నుంచి దూర్చిన. అటు దిక్కు నుంచి ఎవలు గుంజలే."

"...అవ్వా."

"ఏం అవ్వ?"

"బోర్డు సంగతి నేను పైకి చెప్త. రేపు పెట్టనియ్య. కానీ... మీ బాపు పాణం పోయిన జాగ కదా ఇది. గింత గలీజు చేస్తుంటే తాగుబోతులను ఒక్కలన్న తిట్టలేదా?"

"తాగుబోతులు మొన్నమొన్న వచ్చిండ్రు. బాపును కాలవెట్టి వచ్చిన తెల్లారి, దొర తన గడి మిద్దె మీదికెల్లి చూస్తుండంగనే, గీ గడప మీద మొదటి ఉచ్చకుండ కుమ్మరించింది నన్ను కన్న తల్లి. ఎనుకనే ఒక్కొక్క ఇంటికెల్లి ఒక్కొక్క కుండ వచ్చింది."